కన్నం పూడ్చాలి... కానీ దారి మూయకూడదు!

మీ కాలనీ ప్రహరీ గోడకి ఎప్పుడో ఒక కన్నం పడిందనుకోండి. ఎవరూ పట్టించుకోలేదు. పదేళ్లు గడిచిపోయాయి. పాలబ్బాయి అందులోంచే వస్తున్నాడు. పిల్లలు అందులోంచే బడికి పోతున్నారు. ఒకరోజు అసోసియేషన్ ప్రెసిడెంటు గారు మేస్త్రీని పిలిపించి శుభ్రంగా ఇటుకలు పేర్పించేశారు. ఆయన చేసింది తప్పా? కాదు. గోడన్నాక కన్నం ఉండకూడదు. దొంగలకి కూడా అదే దారి కదా! కానీ మర్నాడు పొద్దున్న ఎవరింటికీ పాలు రాలేదు.

కంప్యూటర్లలో కూడా ఇలాంటి కన్నాలుంటాయి. నేను హైదరాబాదులో రౌటర్లు, సెట్‌టాప్ బాక్సుల్లాంటి చిన్న చిన్న పెట్టెల్లోకి లినక్స్ ఎక్కించే పని చేస్తుంటాను. "తప్పు ఎక్కడుందో తెలిసిపోయాక దిద్దేయడానికి ఏళ్లకేళ్లు ఎందుకయ్యా?" అని తెలిసినవాళ్లు అడుగుతుంటారు. వాళ్లకి నేను ఎప్పుడూ చెప్పే కథ ఒకటుంది. ఒకే ఒక్క డ్రైవర్ కథ. నిండా పదేళ్లు నడిచింది.

ఎవరీ కెర్నెల్?

మీ ఫోన్లో, ఇంట్లో వైఫై రౌటర్లో, బ్యాంకు సర్వర్లో నడిచే ప్రోగ్రాములన్నిటికీ అడుగున ఒక పెద్ద ప్రోగ్రాము ఉంటుంది. అదే కెర్నెల్. మెమరీ ఎవరికెంత, డిస్కు ఎప్పుడు ఎవరికి అన్న పెత్తనమంతా దానిదే. ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉండేది లినక్స్ కెర్నెల్. అందులో కీబోర్డు, కెమెరా, డిస్కు లాంటి ఒక్కోదాని సంగతి చూసుకునే భాగాన్ని డ్రైవర్ అంటారు. ఇక కెర్నెల్‌కి పైన, మనం వాడే ప్రోగ్రాములుండే చోటుకి యూజర్‌స్పేస్ అని పేరు.

1991లో లినక్స్‌ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్‌కి ఒక మొండి నియమం ఉంది. కెర్నెల్‌లో ఏ మార్పు చేసినా సరే, నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రాము ఇవాళ ఆగిపోకూడదు. 2012 డిసెంబరులో వీడియో పరికరాల వైపు చేసిన ఒక మార్పు వల్ల ప్రోగ్రాములకి వెళ్లే ఎర్రర్ కోడ్ మారింది. కొన్ని సౌండ్ ప్రోగ్రాములు దెబ్బతిన్నాయి. తప్పు ఆ ప్రోగ్రాములదేమో అన్న వాదన వచ్చేసరికి ఆయన అగ్గిమీద గుగ్గిలమైపోయారు. కెర్నెల్ మార్పు వల్ల ప్రోగ్రాము చెడిందంటే ఆ తప్పు కెర్నెల్‌దేనని తేల్చేశారు.

వినడానికి బాగానే ఉంది. మరి కెర్నెల్‌లో నిజంగానే తప్పుంటే? ఆ తప్పు మీదే ప్రోగ్రాములు ఆధారపడి బతుకుతుంటే?

పాచికలు వేసే డ్రైవర్

డ్రైవర్లలో ఒక విచిత్రమైనది ఉంది. దానికంటూ ప్రత్యేకంగా ఏ పరికరమూ లేదు. దాని పనల్లా ఎవరూ ఊహించలేని అంకెల్ని పుట్టించడం. 1994లో థియోడర్ త్సో దీన్ని లినక్స్ కోసం రాశారు. మీరు బ్యాంకు సైటు తెరిచినా, రౌటర్ తన రహస్య తాళం తయారుచేసుకున్నా, అడుగున ఈ పాచికలే పడాలి.

యంత్రానికి ఊహకందని అంకె ఎక్కణ్ణుంచి వస్తుంది? మీరు ఒక కీ నొక్కాక రెండో కీ నొక్కడానికి పట్టిన వ్యవధి, డిస్కు జవాబిచ్చిన క్షణం, ఇలాంటి చిల్లర మల్లర సంఘటనలన్నిటినీ ఈ డ్రైవర్ ఏరుకుని ఒక కుండలో వేసి కలుపుతుంది. కుండ నిండితే అంకెలు గట్టివి.

ఈ కుండకి రెండు గొట్టాలున్నాయి. ఒకటి /డెవ్/రాండమ్. కుండలో సరుకు చాలకపోతే ఇది "ఆగు" అంటుంది. రెండోది /డెవ్/యురాండమ్. ఇది ఎప్పుడూ ఆగమనదు. కుండ ఖాళీగా ఉన్నా ఏదో ఒకటి పోసేస్తుంది. ఆగే గొట్టంతో పడలేక ప్రోగ్రాములన్నీ రెండోదానికే అలవాటుపడ్డాయి. మన గోడకి కన్నం అదే!

కొత్త పెట్టె, ఖాళీ కుండ

కంప్యూటరైతే కాసేపు నడిచేసరికి కుండ దానంతటదే నిండుతుంది. గొడవంతా ఆన్ చేసిన మొదటి క్షణాల్లోనే. పైగా రౌటర్ లాంటి పెట్టెకి కీబోర్డు లేదు, మౌసు లేదు, తిరిగే డిస్కూ లేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన వెయ్యి పెట్టెలు ఆన్ చేస్తే వెయ్యింటిలోనూ దాదాపు ఒకే పరిస్థితి. సరిగ్గా ఆ క్షణంలోనే అది తన రహస్య తాళం తయారుచేసుకుంటుంది!

దీని ఫలితం 2012లో బయటపడింది. మిషిగన్ విశ్వవిద్యాలయం, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియాగో పరిశోధకులు కలిసి ఇంటర్నెట్ అంతా గాలించి, బయటికి కనిపించే తాళాలన్నిటినీ పోగేసి చూశారు. సురక్షిత వెబ్ కనెక్షన్లిచ్చే యంత్రాల్లో 5.57 శాతం ప్రమాదకరమైన పద్ధతిలో ఒకరి తాళం ఒకరు పంచుకుంటున్నాయి. సురక్షిత వెబ్ కనెక్షన్లిచ్చే యంత్రాలన్నిటిలో 0.50 శాతం యంత్రాల రహస్య తాళాల్ని వాళ్లు కూర్చున్నచోటే లెక్కగట్టేశారు.

ఎలాగంటారా? బళ్లో నేర్చుకున్న గ.సా.భా. గుర్తుందా? ఈ తాళాల్లో ఒక రకం రెండు పెద్ద ప్రధాన సంఖ్యల్ని గుణించి చేస్తారు. లబ్ధం అందరికీ కనిపిస్తుంది. ఆ రెండు సంఖ్యలే రహస్యం. అసలు తాళాల్లో సంఖ్యలు కొన్ని వందల అంకెల పొడవుంటాయి కాబట్టి లబ్ధం చూసి విడగొట్టడం అసాధ్యం. కానీ రెండు పెట్టెలకి పాచిక ఒకేలా పడి, ఒక సంఖ్య కలిసిందనుకోండి. ఒకదాని లబ్ధం 77, రెండోదానిది 91. గ.సా.భా. కడితే 7. అంతే, 77 అంటే 7, 11. 91 అంటే 7, 13. రెండు తాళాలూ ఒకేసారి ఊడిపోయాయి! సంఖ్యలు ఎంత పెద్దవైనా గ.సా.భా. కట్టడం కంప్యూటర్‌కి చిటికెలో పని.

ఒక్క లైనుతో పోయేదానికి...

"ఇంతేనా? రెండో గొట్టాన్ని కూడా కుండ నిండేదాకా ఆగమనండి, పీడా పోతుంది" అంటారు మీరు. నిజమే, చిన్న మార్పు. కానీ అది చేస్తే ఏమవుతుందో చూడండి. యంత్రం లేచేటప్పుడు ఏదో ఒక ప్రోగ్రాము అంకె కావాలని అడుగుతుంది. కుండ నిండలేదు కాబట్టి ఆగుతుంది. అది ఆగింది కాబట్టి మిగతా పనులూ ఆగుతాయి. పనులు ఆగాయి కాబట్టి సంఘటనలు జరగవు. సంఘటనల్లేవు కాబట్టి కుండ నిండదు! పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. రౌటర్ దీపం అలా వెలుగుతూనే ఉంటుంది, ఇంటర్నెట్ మాత్రం రాదు.

అందుకే కెర్నెల్ వాళ్లు గోడ జోలికి పోలేదు. ముందు కుండ సంగతి చూశారు. 2012లోనే యంత్రంలో జరిగే ఇంకా ఎక్కువ సంఘటనల్ని కుండలోకి మళ్లించారు. ఏ పెట్టెకాపెట్టెకి వేరుగా ఉండే నెట్‌వర్క్ చిరునామా లాంటి వివరాల్ని కూడా కలిపారు. అవి రహస్యమేం కాదు, కానీ పక్కపక్క పెట్టెలకి ఒకే పాచిక పడకుండా ఆపుతాయి.

తర్వాత 2014లో లినక్స్ 3.17తో పక్కన ఒక కొత్త గేటు పెట్టారు. దాని పేరు గెట్‌రాండమ్. కుండ మొదటిసారి నిండేదాకా ఇది ఆగుతుంది, ఆ తర్వాత ఎప్పుడూ ఆగదు. కొత్తగా రాసేవాళ్లు ఈ గేటులోంచి రండి, పాతవాళ్లు మీ దారిన మీరు పొండి అన్నారన్నమాట. దానికి తోడు, కుండ నిండకముందే యురాండమ్‌ని ఎవరైనా అడిగితే "ఫలానా ప్రోగ్రాము తొందరపడింది" అని లాగ్‌లో హెచ్చరిక రాయడం మొదలుపెట్టారు.

తప్పు చేయనివాడు వెనక్కి తగ్గాడు

2019లో అసలు విచిత్రం జరిగింది. లినక్స్ 5.3 తయారవుతోంది. ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్‌లో ఒకరు చక్కటి మెరుగు చేశారు. డిస్కుని పదేపదే కదపకుండా చదివే పనుల్ని మూటగట్టి తక్కువసార్లలో పూర్తిచేయడం. ఎవరైనా మెచ్చుకోవాల్సిన పనే. కానీ కొన్ని యంత్రాలు లేవడం మానేశాయి!

కారణం వెతికితే, డిస్కు పనులు తగ్గాయి కాబట్టి సంఘటనలు తగ్గాయి. కుండ నిండలేదు. లాగిన్ తెర తెచ్చే ప్రోగ్రాము కొత్త గేటు దగ్గర నిలబడిపోయింది. ఫైల్ సిస్టమ్ మార్పులో వీసమెత్తు తప్పు లేదు. అయినా సెప్టెంబరు 15న 5.3 విడుదలకి ముందు టోర్వాల్డ్స్ ఆ మార్పుని వెనక్కి తీసేశారు. తప్పెవరిదన్నది ఆయనకి అనవసరం. నిన్న లేచిన యంత్రం ఇవాళ లేవలేదు, అంతే లెక్క.

అక్కడితో ఆగితే అది భయమే అవుతుంది. ఆయన ఆగలేదు. కుండ నిండేదాకా చేతులు కట్టుకుని ఎదురుచూడటమెందుకు, కెర్నెలే నింపుకోవచ్చు కదా అని 5.4లో కొత్త ఏర్పాటు చేశారు. ప్రాసెసర్‌తో ఒకే చిన్న పనిని మళ్లీ మళ్లీ చేయిస్తే, ప్రతిసారీ పట్టే సమయం రవ్వంత తేడాగా వస్తుంది. ఆ తేడాల్నే కొలిచి కుండలో వేయడం. మామూలు కంప్యూటర్ల వరకు పిచ్చీ పెళ్లీ చిక్కు ఆ దెబ్బతో విడిపోయింది. ఆ ధైర్యంతోనే 2020లో, 5.6లో, /డెవ్/రాండమ్ కూడా కుండ ఒకసారి నిండాక మళ్లీ ఆగే అలవాటు మానుకుంది.

2022: ఇప్పుడైనా పూడ్చేద్దామా?

కుండ ఎలాగూ వెంటనే నిండుతోంది కదా, ఇక యురాండమ్ కన్నం పూడ్చేయొచ్చని 2022 మార్చిలో, 5.18 తయారీ మొదట్లో, ఆ ఒక్క మార్పూ చేశారు. రోజుల్లోనే పరీక్షలు విఫలమయ్యాయి. సమయాన్ని అంత సూక్ష్మంగా కొలిచే గడియారమే లేని పాత రకం ప్రాసెసర్లు ఇంకా బోలెడున్నాయి. వాటిల్లో బూటింగ్ వెళ్లి వెళ్లి, రాబోయేసారికి విత్తనం అంకె దాచుకునే చోట బిగుసుకుపోయింది. మార్పు మళ్లీ వెనక్కి!

అయితే ఈసారి మధ్యేమార్గం దొరికింది. యురాండమ్‌ని ఎవరైనా అడిగినప్పుడు కుండ ఖాళీగా ఉంటే, ఆ గడియారమున్న యంత్రమైతే అప్పటికప్పుడు నింపుకుని గట్టి అంకె ఇస్తుంది. లేని యంత్రమైతే పాత పద్ధతే. దాదాపు అందరికీ కన్నం పూడింది, మిగిలిన కొద్దిమందికి పాలు ఆగలేదు.

ఇది పిరికితనమా?

"కొద్దిమంది పాత యంత్రాల కోసం భద్రత వదులుకుంటారా?" అని మా రంగంలోనే వాదించేవాళ్లున్నారు. ఆ వాదనలో బలముంది. తాళం ఊడిన పెట్టె యజమానికి తన తాళం ఊడిందనే తెలియదు. లేవని పెట్టె అయితే కనీసం కనిపిస్తుంది. అయినా నేను రెండో పక్షమే. అప్‌డేట్ చేశాక పెట్టె లేవకపోతే ఆ మనిషి చేసే మొదటి పని, ఇక జన్మలో అప్‌డేట్ చేయకపోవడం. అప్పుడు ఈ తప్పే కాదు, రేపు దిద్దబోయే తప్పులన్నీ కూడా అతని పెట్టెలో శాశ్వతంగా ఉండిపోతాయి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పుపెట్టుకున్నట్టే.

అందుకే డ్రైవర్ ముట్టుకునేముందు మేం కొన్ని ప్రశ్నలు వేసుకుంటాం. ఈ తప్పు మీద ఎవరు ఆధారపడి ఉన్నారు? వాళ్లకి ముందుగా వేరే దారి వేశామా? లాగ్‌లో హెచ్చరిక పెట్టి కొన్నాళ్లు చూశామా? మా బల్ల మీద లేని పాత యంత్రాల్లో పరీక్షించామా? బెడిసికొడితే ఒక్క దెబ్బలో వెనక్కి తీయగలమా?

చివరగా మీకు పనికొచ్చే మాట ఒకటి. కెర్నెల్ బాగుపడినంత మాత్రాన, అంతకుముందు బలహీనంగా తయారైన తాళం దానంతటది మారదు. మీ రౌటరో సీసీ కెమెరా పెట్టో బాగా పాతదైతే ముందు దాని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయించండి. ఆ తర్వాత, కొత్త తాళం తయారుచేసుకునే సదుపాయం సెట్టింగుల్లో ఉందేమో అమర్చే కుర్రాణ్ణి అడగండి. అప్‌డేట్లు రావడం మానేసి ఏళ్లయిన పెట్టె అయితే, దాన్ని మార్చేయడమే మంచిది.