రెండేళ్ల గడువులో ఇమడని గణితం

రాయ్‌పూర్‌లోని టాటీబంధ్‌లో ఎయిమ్స్ ఉంది. అదే ఊళ్లో గణితం చెప్పే రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయమూ ఉంది. వైద్యమైనా గణితమైనా, జర్నల్ స్థాయి అడగ్గానే ముందుకొచ్చే అంకె ఇంపాక్ట్ ఫ్యాక్టర్. గణితానికి ఆ కొలత అన్యాయం చేస్తోంది.

లెక్క తేలికే. ఒక జర్నల్ 2022, 2023ల్లో కలిపి 50 వ్యాసాలు వేసిందనుకుందాం. 2024లో ఇతరులు వాటిని 30 సార్లు ఉదహరిస్తే, 30ని 50తో భాగిస్తారు. 0.6 వస్తుంది. అంతకన్నా పాత వ్యాసాలను ఎందరు వాడుకున్నా లెక్కలోకి రాదు.

న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌కు ఈ అంకె కొన్నేళ్లుగా 70 పైనే. గణితంలో అగ్రశ్రేణిదైన యానల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్‌కు 5 చుట్టుపక్కలే. గణిత వ్యాసాల్లో ఉదాహరింపులు తక్కువ. ఒక నిరూపణను సరిచూసి, అర్థం చేసుకుని, దానిమీద కొత్తది కట్టడానికి ఏళ్లు పడుతుంది. గణిత జర్నళ్లకు దక్కే ఉదాహరింపుల్లో సుమారు 90 శాతం ఆ రెండేళ్ల గడువుకు బయటివేనని అంతర్జాతీయ గణిత సమాఖ్య మరో రెండు సంస్థలతో కలిసి 2008లో ఇచ్చిన నివేదిక చెప్పింది.

మన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు సంగతే చూడండి. తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా చేరారు. అక్కడ ఆయన పాఠం చెబుతున్న తరగతిలో ఒక విద్యార్థి వేసిన ప్రశ్నే ఆయన్ను ఆలోచనలో పెట్టింది. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్ 37వ సంపుటంలో, 81 నుంచి 91 దాకా, ఆయన 11 పేజీల వ్యాసం అచ్చయింది. క్రామర్-రావు హద్దు, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం, ఇన్ఫర్మేషన్ జామెట్రీకి పునాది, మూడూ అందులోనివే. మొదటిది ఏం చెబుతుందంటే, పక్షపాతం లేని ఏ అంచనా అయినా ఒక మేరకు మించి కచ్చితం కాలేదు. మామూలు పరిస్థితుల్లో 100 మంది రోగుల బదులు 400 మందిని పరీక్షిస్తే ఆ కనీస పొరపాటు సగమే తగ్గుతుంది. మందుల ప్రయోగానికి ఎంతమంది కావాలో తేల్చే లెక్క వెనుక ఉన్నదీ ఈ తర్కమే.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అప్పుడే ఉండుంటే, 1947తో ఆ వ్యాసం ఖాతా మూసేసేవారు. రావుకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది 2023లో, అంటే ఆ వ్యాసం అచ్చయిన 78 ఏళ్లకు.

అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ తన కొలతకు ఐదేళ్ల గడువు పెట్టుకుంది. అది కొంత మెరుగు. నియామక కమిటీల్లో కూర్చునేవారికి నా విన్నపం ఒకటే: గణితజ్ఞుడి జర్నల్ అంకెను వైద్యుడి జర్నల్ అంకె పక్కన పెట్టకండి, వ్యాసం తెరిచి చదవండి, లేదా చదవగలిగినవారిని అడగండి.