యంత్రంలో యంత్రం

కంప్యూటరుకు తెలిసినవి సున్నా, ఒకటి అనే రెండు గుర్తులే. మనిషి వ్రాసిన ప్రోగ్రాము దానికి నేరుగా బోధపడదు. మనిషి చదువుకోగల ఆ వ్రాతను సోర్స్ కోడ్ అని, దానిని యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రామును కంపైలర్ అని అంటారు. సాధారణంగా ఈ మార్పు మరెక్కడో జరిగిపోతుంది. కంప్యూటరును నడిపించే ఆపరేటింగ్ సిస్టం మన చేతికి వచ్చేసరికే యంత్రభాషలో సిద్ధంగా ఉంటుంది. అంగడిలో కుట్టి వ్రేలాడదీసిన చొక్కా వంటిది అది. అందరికీ ఇంచుమించుగా సరిపోతుంది. ఎవరి కొలతకూ కుట్టినది కాదు.

కొలతలిచ్చి కుట్టించుకొనే పద్ధతి కూడా ఉన్నది. అందుకు పేరుపొందిన ఉదాహరణ జెంటూ లినక్స్. అమెరికాలో డేనియల్ రాబిన్స్ 1999లో దీనిని 'ఈనాక్' అనే పేరుతో ఆరంభించాడు. మొదటి పూర్తి విడుదల 2002లో వెలువడింది. పెంగ్విన్ పక్షులలో మిక్కిలి వేగంగా ఈదే జాతి పేరు జెంటూ. ఆ వేగాన్ని తలచుకొనే ఈ పేరు పెట్టారు. తెలుగువారికి ఇందులో ఒక చిన్న వింత కనబడుతుంది. 18వ శతాబ్దంలో మద్రాసులోని ఆంగ్లేయులు తెలుగు భాషను జెంటూ అనే పిలిచేవారు. అక్షరాలలో కూడా భేదం లేదు!

ఇటువంటి వ్యవస్థను నెలకొల్పేటప్పుడు ఆజ్ఞలన్నీ చేతితోనే ఇవ్వవలసి ఉంటుంది. డిస్కును భాగాలుగా విభజించడం అందులో మొదటిది. రెండు డిస్కులున్న కంప్యూటరులో ఒక్క అక్షరం పొరపాటు పడితే, ఖాళీ డిస్కుకు బదులు ఇంటిల్లిపాది ఫోటోలు, కాగితాలు ఉన్న డిస్కు తుడిచిపెట్టుకొని పోగలదు. ఇంటికంతా ఒకే కంప్యూటరు ఉన్న విద్యార్థికి ఇది ఆషామాషీ సంగతి కాదు. వర్చువల్ మెషీన్, అనగా కల్పిత యంత్రం, అక్కరకు వచ్చేది ఇక్కడనే.

ఈ ఊహ పాతదే. ఐ.బి.ఎం. కేంబ్రిడ్జి కేంద్రంలో 1967లో వాడుకలోకి వచ్చిన సీపీ-40 అనే వ్యవస్థ, ఒకే కంప్యూటరును 14 కంప్యూటర్ల వలె పంచి ఇవ్వగలిగింది. నేడు అదే పనిని బల్లమీది కంప్యూటరు చేస్తున్నది. 2005, 2006 సంవత్సరాలలో ఇంటెల్, ఏఎండీ సంస్థలు ఇందుకు తోడ్పడే ఏర్పాట్లను ప్రాసెసర్లలోనే అమర్చాయి. కల్పిత యంత్రం తనకు కనబడే డిస్కును నిజమైన డిస్కుగానే భావిస్తుంది. వాస్తవానికి అది బయటి కంప్యూటరులోని ఒక ఫైలు. దానిని ఎన్నిసార్లు చెరిపినా బయట నష్టం లేదు. పైగా ప్రతి దశ ముగియగానే అప్పటి స్థితిని భద్రపరచుకొని, పని చెడితే తిరిగి అక్కడికే రావచ్చు.

డిస్కు సిద్ధమైన తరువాత ఒక చిక్కు ఎదురవుతుంది. అంతటినీ కంపైల్ చేయాలంటే కంపైలర్ కావాలి. ఆ కంపైలర్ కూడా ప్రోగ్రామే గదా, దానిని కంపైల్ చేసేదెవరు? పాలు పెరుగు కావాలంటే ముందు కాస్త తోడు కావాలి. ఆ తోడు నిన్నటి పెరుగులోనిది. జెంటూలో ఆ తోడు పేరు 'స్టేజ్ 3'. కంపైలర్, మరికొన్ని ముఖ్య పరికరాలు యంత్రభాషలో సిద్ధంగా ఉన్న మూట అది. దానిని దించుకొన్న వెంటనే విప్పరాదు. తయారుచేసినవారి డిజిటల్ సంతకం సరిచూడాలి. చాలామంది దాటవేసే మెట్టు ఇదే. మూట విప్పిన పిమ్మట 'ఛేంజ్ రూట్' అనే ఆజ్ఞతో అందులోకి ప్రవేశించి, అక్కడనుండి పోర్టేజ్ అనే సాధనం చేత తక్కిన ప్రోగ్రాములను తెప్పించి కంపైల్ చేయిస్తారు. ముద్రణ యంత్రం లేనివారు ఆ సౌకర్యం ముందు ఒక మైనస్ గుర్తు వ్రాస్తే, దానికి సంబంధించిన ఐచ్ఛిక భాగాలు తయారే కావు. చివరకు కెర్నెల్, బూట్ లోడర్ అమర్చి యంత్రాన్ని తిరిగి ప్రారంభిస్తారు.

కల్పిత యంత్రంలో రెండు సంగతులు మరువరాదు. కంపైలరుకు 'నేటివ్' అని చెబితే, అది ఎదుట ఉన్న ప్రాసెసరుకు తగినట్లుగా కోడు తయారు చేస్తుంది. ఆ డిస్కు ఫైలును తరువాత ఒక పాత కంప్యూటరుకు మార్చితే, అక్కడి ప్రాసెసరు ఎరుగని ఆజ్ఞ ఎదురై ప్రోగ్రాములు ఆగిపోవచ్చు. మరొక ఊరికి తీసికొనిపోదలచినవారు సామాన్యమైన కొలతనే ఎన్నుకోవాలి. రెండవది జ్ఞాపకశక్తి, అనగా ర్యామ్. ఒకేసారి సాగే ఒక్కొక్క కంపైలింగ్ పనికి సుమారు 2 గిగాబైట్లు చొప్పున లెక్క వేసికోవడం మేలు. 4 గిగాబైట్లే ఇచ్చి ఎనిమిది పనులు అప్పగిస్తే, చోటు చాలక కెర్నెల్ కంపైలరునే మధ్యలో చంపివేస్తుంది. క్రొత్తవారు సోర్స్ కోడులోనే తప్పున్నదని భ్రమపడేది ఇటువంటప్పుడే. పెద్ద బ్రౌజరు వంటిది చిన్న కల్పిత యంత్రంలో గంటల తరబడి తయారవుతుంది. బహుశా అందుకే కాబోలు, 2023 డిసెంబరులో జెంటూవారే అనేక ప్రోగ్రాములను సిద్ధరూపంలో కూడా అందించసాగారు.

ఇంత శ్రమపడినవారికి, ఇక తమ కంప్యూటరులో తెలియనిదేదీ లేదనే ధీమా కలగడం సహజం. యూనిక్స్ నిర్మాతలలో ఒకరైన కెన్ థాంప్సన్ 1984లో ప్రచురితమైన ట్యూరింగ్ పురస్కార ఉపన్యాసంలో ఈ ధీమాను కదలించాడు. కంపైలరులోనే మోసం దాగి ఉంటే, అది తాను తయారుచేసే క్రొత్త కంపైలరులోనూ ఆ మోసాన్ని చేర్చగలదు. సోర్స్ కోడ్ ఎంత చదివినా జాడ దొరకదు. తోడులోని పులుపు తరతరాల పెరుగులోకి దిగినట్లు.

దీనికి విరుగుడును డేవిడ్ వీలర్ 2005లో వివరించాడు. సంబంధం లేని మరొక కంపైలరుతో అదే సోర్స్ కోడును కంపైల్ చేసి, వచ్చిన దానితో మళ్ళీ ఒకసారి కంపైల్ చేసి, ఫలితాన్ని మొదటి దానితో బైటు బైటుగా పోల్చాలి. తోడునే వీలైనంత చిన్నది చేయడం మరొక మార్గం. గిక్స్ అనే వ్యవస్థవారు 2023లో 357 బైట్ల ప్రోగ్రామును విత్తనంగా నాటి, దానినుండి మెట్టుమెట్టుగా కంపైలరు వరకు నిర్మించారు. 357 బైట్లు ఒక మనిషి కాగితంమీద వ్రాసుకొని సరిచూడగల పరిమాణమే. దానిని నడిపించే కెర్నెల్ మాత్రం ముందే ఉండాలి.