మహానగరవాసము - లాభనష్టములు

1901వ సంవత్సరపు జనాభా లెక్కలను తిరిగి చూచినవారికి నేడు ఆశ్చర్యము కలుగక మానదు. ఆనాడు విశాఖపట్టణమున నున్న జనము 41 వేలకు కొంచెము తక్కువ. విజయనగరమున నున్నవారు 37 వేలకు పైచిలుకు. సుమారు 60 కిలోమీటర్ల దూరమున నున్న ఈ రెండూళ్లును ఆనాడు ఇంచుమించు సరిసమానములు. 2011 లెక్కల నాటికి విశాఖ 17 లక్షలను దాటినది. విజయనగరము రెండు లక్షల పైచిలుకు వద్ద నిలిచినది. చుట్టుపట్ల గ్రామములు విశాఖలో కలిసిపోయిన మాట నిజమే. అయినను ఒకటి నలుబది రెట్లు పెరుగగా వేరొకటి ఆరు రెట్లు మాత్రమే పెరిగినదన్నచో, దానిని సరిహద్దుల మార్పుతోనే సమాధానపరచుకొనలేము. పేరున నగరమైనది పట్టణముగా మిగిలెను. పేరున పట్టణమైనది మహానగరమయ్యెను.

ఈ పెరుగుదల దైవికముగా వచ్చినది కాదు. 1923లో విశాఖయందు కింగ్ జార్జి ఆసుపత్రి వెలసినది. వైద్య కళాశాల ఆ యేటనే ప్రారంభమైనది. 1926లో బెజవాడలో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1930లో వాల్తేరునకు తరలివచ్చెను. 1931లో రాయపూరు-విజయనగరము రైలుమార్గము పూర్తికాగా, మధ్యపరగణాల ఖనిజసంపద సముద్రమునకు దారి కనుగొన్నది. 1933లో రేవు తెరువబడినది. 1941లో ఓడల కర్మాగారమునకు బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. 1948లో అచట నిర్మితమైన జలఉషను నెహ్రూ పండితుడు జలప్రవేశము చేయించిరి. 1957లో చమురుశుద్ధి కర్మాగారము, 1966 నాటి ఉద్యమ ఫలముగా ఉక్కు కర్మాగారము వచ్చినవి. రైలు విజయనగరమున ఆగినది. సరకు మాత్రము ఆగక రేవునకు పోయినది. సరకు వెంట ధనము, ధనము వెంట జనము పోవుట లోకసహజము. కావున నగరమునకు పోవుచున్న యువకుని చూచి కాలము చెడినదని నిట్టూర్చువారు, వానిని పంపినది వాని చాపల్యము కాదనియు, నూరేండ్లుగా పెట్టుబడి ప్రవహించిన దారియే యనియు గుర్తింపవలెను.

నగరవాసమువలని లాభములను ముందుగా నిష్పక్షపాతముగ ఒప్పుకొందము. శ్రీకాకుళము, పార్వతీపురము ప్రాంతములనుండియే గాక ఒడిస్సా దక్షిణభాగమునుండియు రోగులు ఆ విశాఖ ఆసుపత్రికే చేరుచున్నారు. ప్రాణము మీదికి వచ్చినప్పుడు పల్లెగాలి మంచిదన్న ఉపన్యాసము ఎవరికిని పనికిరాదు. విద్యయు అట్టిదే. కుమార్తెను చదివింపగోరు తండ్రికి కళాశాల, వసతిగృహము, చదువు ముగిసిన పిమ్మట ఉద్యోగము ఒకేచోట దొరకునది నగరముననే. పనివానికి కూలి ఎక్కువ. ఒకచోట పని పోయినచో వేరొకచోట వెదకుకొనవచ్చును.

వీటన్నింటికంటె గొప్పదగు లాభము మరియొకటి గలదు. మన పాఠకులలో భూవసతి గలవారికి అది వినుటకు ఇంపుగా నుండకపోవచ్చును. పల్లెలో ప్రతి మనుష్యుడును తన తాతపేరుతో, కులముతో, అప్పుతో కట్టుబడి యుండును. ఏ వీధిలో నడువవలెనో, ఎవరి యెదుట కూర్చుండరాదో వానికి పుట్టుకతోనే నిర్ణయమై యుండెను. నగరమున బస్సులో ప్రక్కన కూర్చున్నవాని గోత్రమును ఎవరును అడుగరు. అద్దెయింటి కొరకు పోయినప్పుడు అడుగువారు నగరమునను లేకపోలేదు. కాని పల్లెలో తలవంచుకొని నడచినవాడు నగరమున తలయెత్తి నడచుట మనము చూచుచునే యున్నాము. వలసకు కూలి ఒక్కటియే కారణమని యెంచువారు ఈ సంగతి మరువరాదు. మర్యాద కొరకు ఊరు విడిచినవారును కలరు.

ఇక నష్టముల మాట. ఉత్తరాంధ్ర ప్రజలకు ఈ అనుభవము క్రొత్తది కాదు. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున గంజాము, విశాఖపట్టణము జిల్లాలనుండి వేలకొలది కూలీలు ఓడలెక్కి రంగూనునకు పోయిరి. అచట రేవులో బరువులు మోసినవారు, మిల్లులలో వడ్లు దంచినవారు, రిక్షాలు లాగినవారు మనవారే. 1930 మే నెలలో రేవుపనిని గూర్చి తెలుగు కూలీలకును బర్మావారికిని చెలరేగిన కల్లోలమున అనేకులు హతులైరి. 1942లో జపానుసేనలు రాగా, ఆ మహానగరమును తమ చేతులతో నిలిపినవారు మూటలు నెత్తినబెట్టుకొని అడవులగుండ కాలినడకన స్వదేశమునకు మరలిరి. దారిలో పడిపోయినవారి లెక్క ఎవరును తీయలేదు. నగరము కూలీని పిలిచినంత త్వరగా, ఆపదవేళ వానిని మరచిపోవును.

అది పరాయి దేశము, గడచిన కథ యని యనుకొందమా? 2014 జూను 28వ తేదీన చెన్నపట్టణమునకు చేరువనున్న మౌలివాక్కమున కట్టుబడిలో నున్న పదునొకండు అంతస్తుల భవనము కూలి 61 మంది మరణించిరి. వారిలో అనేకులు విజయనగరము, శ్రీకాకుళము జిల్లాలనుండి కూలికి పోయినవారే. ఆ మేడలో కాపురముండవలసినవారు వేరు, దానిక్రింద నలిగినవారు వేరు. నగరవాసపు లాభనష్టములను లెక్కించునప్పుడు లాభము ఎవరి ఖాతాలోనికి పోవుచున్నదో, నష్టము ఎవరి ఖాతాలోనికి పోవుచున్నదో వేరువేరుగా వ్రాయవలెనని ఈ ఒక్క ఉదంతమే చెప్పుచున్నది.

సొంతయిల్లు గలవారు మాత్రము నిశ్చింతగా నున్నారా? విశాఖ కొండలనడుమ గిన్నెవలె నున్న ఊరు. కర్మాగారముల పొగ త్వరగా పైకి పోవుటకు వీలులేదు. రేవులోని బొగ్గుధూళి పాతవీధుల గోడలపై పేరుకొనుచున్నది. 1997 సెప్టెంబరులో చమురుశుద్ధి కర్మాగారమున జరిగిన అగ్నిప్రమాదము, 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురమును ముంచిన స్టైరీను వాయువు ఇంకను జ్ఞాపకమున నున్నవి. రెండవ ప్రమాదమున పండ్రెండుగురు ప్రాణములు కోల్పోయిరి. వారు నిద్రించుచున్నది తమ యిండ్లలోనే. ఊరికి దూరముగా కట్టిన కర్మాగారము చుట్టును ఊరే పెరిగివచ్చినప్పుడు ఇట్టివి జరుగును.

విజయనగరము వంటి మధ్యమ పట్టణము ఏమి చేయగలదో తెలుపు దృష్టాంతములు మనకు దూరమున లేవు. 1919లో ఇచట సంగీత కళాశాల స్థాపింపబడి ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులైనప్పుడు, విశాఖలో పెరిగిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు అందు విద్యార్థిగా చేరుటకు వచ్చి వాయులీనాచార్యులుగా నియమింపబడిరి. ఆనాడు ప్రతిభ విశాఖనుండి విజయనగరమునకు ప్రయాణము చేసినది! కొంతకాలమునకు కృష్ణా జిల్లానుండి ఘంటసాల వెంకటేశ్వరరావు అను పేదబాలుడు వచ్చి, మధుకరము చేసికొని, పట్రాయని సీతారామశాస్త్రిగారి యొద్ద సంగీతము నేర్చెను. జోలెతో వచ్చిన విద్యార్థికి పట్టెడన్నము పెట్టు గడప ఉండుట మధ్యమ పట్టణపు సంపద. మహానగరపు మేడలో ఆ జోలె ద్వారపాలకుని దాటి లోనికి పోలేదు. కాని న్యాయముగా రెండవ మాటయు చెప్పవలెను. ఆ ఘంటసాల గళము లోకమునకు వినబడుటకు చెన్నపట్టణము కావలసివచ్చెను. ఈ ఊరనే పుట్టి ఈ కళాశాలలోనే చదివిన సుశీలగారికిని అంతియే. విద్యను ఇచ్చినది చిన్నపట్టణము. దానికి విశాలమైన వేదికను ఇచ్చినది మహానగరము. ఒకటి లేనిదే మరియొకటి లేదు.

పూర్వవైభవమును తలంచి మనము గర్వించుటయు తగదు. 1713లో కోట కట్టిన నాటినుండి విజయనగరమును అలంకరించిన ధనము సంస్థానపు రైతుల చెమటయే. పల్లెలకు విజయనగరమే ఆనాటి మహానగరము. గురజాడవారి కన్యాశుల్కమున గిరీశము విజయనగరమునుండి పల్లెకు పోయి, నాలుగు ఇంగ్లీషు ముక్కలతో అగ్రహారమును మురిపించుట చదివి నవ్వుకొనుచున్నాము. ఆ నవ్వులో పట్టణమునకును పల్లెకును గల పాత లెక్క దాగియున్నది. నేడు విశాఖ మనయెడ చేయుచున్నదానిని నిన్న మనము పల్లెలయెడ చేసితిమి. అయినను ఒక భేదము గలదు. అన్యాయముగనో న్యాయముగనో సేకరింపబడిన ఆ ధనములో కొంత, కళాశాలయై, సంస్కృత పాఠశాలయై, సంగీతశాలయై ఈ ప్రాంతముననే నిలిచినది. నేటి భూవసతిపరుడు పొలము అమ్మి మహానగరమున అపార్టుమెంటు కొనుచున్నాడు. పంట ఇచటిది, అద్దె అచటిది.

నీటి సంగతియు ఇట్లే యున్నది. గోస్తనీ నదిపై గంట్యాడ సమీపమున నున్న తాటిపూడి జలాశయము విజయనగరము జిల్లాలోనిది. విశాఖవాసుల దాహము తీర్చు జలాశయములలో అదియొకటి. దాహమునకు నీరు ఇవ్వవలదని ఏ తెలుగువాడును అనడు. కాని నీరు, పాలు, కూరగాయలు, కూలీలు, చదివిన బిడ్డలు - ఇవన్నియు ఒకవైపునకే ప్రవహించుచున్నప్పుడు, తిరిగి వచ్చునదేమి యని అడుగుట అసూయ కాదు. అది లెక్క అడుగుట.

అట్లని నగరమునకు పోవలదని శాసింపగలమా? శాసింపరాదు కూడ. పోవుట మనుష్యుని హక్కు. పోక తప్పదను స్థితియే దోషము. ఆసుపత్రి లేక పోవువాడు, కళాశాల లేక పోవువాడు, కూలి లేక పోవువాడు స్వేచ్ఛతో పోవుచున్నాడనుట మాటలగారడి. చిట్టివలస జనపనార మిల్లు 2009లో మూతపడినది. నెల్లిమర్ల మిల్లు తెరచుట, మూయుట కార్మికులకు అలవాటైన కథ. మిల్లు తలుపు మూసినప్పుడెల్ల రైలు పెట్టె తలుపు తెరచుకొనుచున్నది.

శుభసూచనలు లేకపోలేదు. 2022లో గురజాడవారి పేర సాంకేతిక విశ్వవిద్యాలయము, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల విజయనగరమున ప్రారంభమైనవి. భోగాపురమున విమానాశ్రయ నిర్మాణమునకు 2023లో శంకుస్థాపన జరిగెను. అయితే భవనమే విద్య కాదు, మంచమే వైద్యము కాదు. ఆచార్యులను, వైద్యులను ఇచట నిలుపగలిగిననాడే అవి సార్థకములు. విమానాశ్రయము పేర పొలములన్నియు ఇండ్లస్థలములుగా మారి, అయ్యకోనేరు వంటి జలాశయములు మురికిగుంటలైనచో, మహానగరపు లాభములు రాకమునుపే దాని నష్టములు మన గుమ్మమున నిలుచును.

ఈ విషయమున ప్రభుత్వమునకెంత బాధ్యత గలదో, కలిగినవారికిని అంత గలదు. కూలీకి న్యాయమైన వేతనమును, వానికంటె ముందుగా మర్యాదను ఇచ్చిననాడు సగము వలస తనంతట ఆగును. పొలమును బీడుపెట్టి నగరమున కూర్చుండుటకంటె కౌలుదారునితో న్యాయమైన ఒప్పందము చేసికొనుట మేలు. పట్టణపు పెద్దలు పురపాలకసంఘమును ఎన్నికలవేళ మాత్రమే తలంచుట మాని, మంచినీరు, మురుగుకాలువ, చెరువుగట్టు, గ్రంథాలయము వీటిని గూర్చి యేడాదిపొడవునను అడుగవలెను.

ప్రతి సంవత్సరము విజయదశమి తరువాతి మంగళవారమున పైడితల్లి అమ్మవారి సిరిమానును చూచుటకు దూరనగరములనుండి వేలాది జనులు తరలివత్తురు. మూడులాంతర్ల వద్ద కాలుపెట్టుటకు చోటుండదు. మరునాటికి రైళ్లు నిండిపోవును. వారికి ఊరిమీద ప్రేమ తగ్గలేదు. ఊరిలో బ్రతుకుతెరువు తగ్గినది. ప్రేమ ఉన్నచోట బ్రతుకుతెరువును కల్పించుటయే నేటి రాజనీతికి పరీక్ష. ఆ పరీక్షలో నెగ్గిననాడు మహానగరము మనకు బంధువగును. ఓడినచో ఎల్లకాలము యజమానియై యుండును.