ఎర్రని కాంతి చికిత్స: మేలెంత? ప్రచారమెంత?

జగిత్యాల జిల్లా రాయికల్ పరిసరాల్లో ఎన్నో కుటుంబాలకు బీడీల తయారీ జీవనాధారం. ఒళ్లో చాట పెట్టుకుని, గంటల తరబడి తల వంచి తునికాకు చుట్టే స్త్రీలకు మెడ, నడుము, వేళ్ల నొప్పులు నిత్యానుభవం. ఇటువంటి నొప్పులన్నిటికీ ఎర్రని దీపమే మందని చాటే ప్రకటనలు నేడు ఫోన్లలో తరచుగా కనిపిస్తున్నాయి. కష్టార్జితాన్ని వెచ్చించే ముందు, ఈ చికిత్స గురించి శాస్త్రం ఏమంటోందో తెలుసుకోవడం మంచిది.

ఎలా పనిచేస్తుంది?

1967లో బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ అనే వైద్యుడు, వెంట్రుకలు గొరిగిన ఎలుకలపై తక్కువ శక్తి గల ఎర్రని లేజర్ ప్రసరింపజేశాడు. ఆ చోట వెంట్రుకలు త్వరగా మొలిచాయి. ఈ చికిత్సకు పునాది అదే.

మన కణాల్లో శక్తిని తయారుచేసే భాగాలను మైటోకాండ్రియా అంటారు. సుమారు 630 నుండి 670 నానోమీటర్ల ఎర్రని కాంతిని, 800 నుండి 850 నానోమీటర్ల పరారుణ కాంతిని వాటిలోని ఒక ఎంజైము గ్రహిస్తుందనీ, తద్వారా కణానికి శక్తి పెరిగి వాపు తగ్గుతుందనీ శాస్త్రవేత్తల వివరణ. ఇది వేడితో కాపడం పెట్టడం వంటిది కాదు. మోతాదు మించితే ఫలితం పెరగకపోగా తగ్గవచ్చు కూడా.

ఎక్కడ రుజువైంది?

బలమైన ఆధారం ఉన్నది నోటి పుండ్ల విషయంలో. మన దేశంలో నోటి, గొంతు క్యాన్సర్లకు పొగాకు ప్రధాన కారణం. వాటికి రేడియేషన్ ఇచ్చేటప్పుడు నోరంతా పుండ్లు పడి, రోగి గుక్కెడు నీళ్లు మింగలేక విలవిల్లాడతాడు. కర్ణాటకలోని మణిపాల్‌లో 221 మంది రోగులపై జరిపి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ఎర్రని లేజర్ పొందినవారికి తీవ్రమైన పుండ్లు, నొప్పి తగ్గాయి. అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు కూడా దీనిని సిఫారసు చేస్తున్నాయి. కనుక రేడియేషన్ ప్రారంభానికి ముందే ఈ సదుపాయం ఉందా అని వైద్యుణ్ణి అడగాలి.

మెడ నొప్పికి లేజర్ కొంత ఉపశమనమిస్తుందని 2009లో లాన్సెట్ పత్రికలో వెలువడిన సమీక్ష పేర్కొంది. అయితే కూర్చునే తీరు మారనిదే నొప్పి మళ్లీ తిరగబెడుతుంది. మధ్యమధ్య లేచి నడవడం, వీపుకు గోడ ఆనించుకోవడం, మెడను నెమ్మదిగా తిప్పడం ఖర్చు లేని ఉపాయాలు.

ఏ జాగ్రత్తలు అవసరం?

ఈ కాంతిని కళ్లలోకి సూటిగా పడనివ్వరాదు. గడ్డలున్న చోట వైద్యుని సలహా లేకుండా వాడరాదు. మధుమేహానికి వాడే మాత్రలను దీపాన్ని నమ్మి మానరాదు. పసికందుల కామెర్లకు ఆసుపత్రిలో వాడేది నీలి కాంతి. ఇంట్లోని ఎర్రని దీపం దానికి ప్రత్యామ్నాయం కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటుంది. నోటిలో పుండు గానీ, తెల్లని లేదా ఎర్రని మచ్చ గానీ రెండు వారాలకు మించి తగ్గకపోతే దానికి దీపం పెట్టి కాలయాపన చేయరాదు; వెంటనే వైద్యునికి చూపాలి. క్యాన్సర్ సోకిన రోగికి రేడియేషన్ బాధను తగ్గించడంలో ఎర్రని కాంతి తోడ్పడుతుంది. క్యాన్సర్‌ను నయం చేసే శక్తి మాత్రం దానికి లేదు. సకాలంలో గుర్తించి చేయించే చికిత్సే ప్రాణాన్ని నిలుపుతుంది.