సూక్ష్మజీవ నాశక హైడ్రోజెల్‌లు: క్షేమ పరీక్షలు

సబ్జా గింజలను నీటిలో వేసిన కొద్దిసేపటికే వాటి చుట్టూ తెల్లని జిగురుపొర ఉబ్బుతుంది. రంజాన్ మాసపు షర్బతులో దీనిని చూడని విద్యార్థి మన కళాశాలలో ఉండడు. గింజపై ఉన్న పొడవైన అణుగొలుసులు నీటిని పీల్చుకొని, తాము కరిగిపోక, వలవలె నిలుస్తాయి. ఇట్టి పదార్థానికే హైడ్రోజెల్ అని పేరు. వైద్యానికి అనువైన కృత్రిమ హైడ్రోజెల్‌ను 1960లో చెక్ శాస్త్రజ్ఞులు ఒట్టో విక్టర్లే, ద్రహోస్లావ్ లీమ్ ప్రకటించారు. కంటికి పెట్టుకొనే మెత్తని లెన్సులు ఆ కృషి ఫలమే.

నేడు కాలిన గాయాలకు, మానని పుండ్లకు హైడ్రోజెల్ కట్లు కడుతున్నారు. వేటపాలెంలో గుంటమగ్గపు తొక్కుడు చెక్కలపై రోజంతా పాదాలాడించే నేతగానికి చక్కెర వ్యాధి కూడా ఉంటే, కాలి పుండు అతని జీవనాధారాన్నే హరిస్తుంది. అట్టివారికి తడి ఆరనివ్వని కట్టు మేలు. అయితే తడి ఉన్నచోట క్రిములూ పెరుగుతాయి. అందుచేత జెల్‌లో వెండిని చేర్చుతారు, లేదా గొలుసునే క్రిమినాశకంగా నిర్మిస్తారు. మన బాపట్ల, చీరాల ప్రాంతాలలో పెంచే రొయ్యల పెంకునుండి తీయగల కైటోసాన్ ఇట్టిదే. ఆమ్ల గుణమున్న ద్రవంలో అది ధనావేశం పొందుతుంది. క్రిమి పైపొరకు ఋణావేశం హెచ్చు గనుక గొలుసు దానిని పట్టుకొని ఛిద్రం చేస్తుంది.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. ఆ గొలుసుకు శత్రుమిత్ర వివేకం లేదు. మన కణాల వెలుపలి పొరపై ఋణావేశం తక్కువ కావడం మనకు కొంత రక్ష. గొలుసులో ఆవేశం గాని, మోతాదు గాని మితిమీరితే ఎర్ర రక్తకణాలు కూడా పగులుతాయి. కనుక క్రిములను నూటికి ఎన్ని చంపినదనే లెక్క ఒక్కటే చూసి మురిసిపోవడం మాకు సమ్మతం కాదు. 1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ ద్రవౌషధం తాగి నూరుమందికి పైగా మరణించారు. క్రిములపై మందు బాగానే పనిచేసేది. దానిని కరిగించిన డైఇథిలీన్ గ్లైకాల్ విషమని ఎవరూ పరీక్షించలేదు.

జెల్ విషయంలోనూ గొలుసుతోపాటు దానిలో మిగిలినదానిని పరీక్షించాలి. అక్రిలమైడ్ గొలుసుగా మారితే నిరపాయకరం. మారక మిగిలినది నరాలకు విషం. పాలీఅక్రిలమైడ్ జెల్‌ను శరీరంలోనికి ఎక్కించే పద్ధతిని, నొప్పి, చీము, జెల్ స్థానభ్రంశం వంటి ఫిర్యాదుల పిమ్మట, చైనా 2006లో నిషేధించింది.

మొదటి పరీక్ష గాజుపాత్రలో. జెల్‌ను పోషక ద్రవంలో 37 డిగ్రీల వద్ద కనీసం ఒక దినం ఉంచి, ఆ ఊటను ఎలుక కణాలపై పోస్తారు. బ్రతికిన కణాలు, ఊట తగలని వాటితో పోల్చినప్పుడు, 70 శాతానికి తగ్గితే విషలక్షణం ఉన్నట్లే. రక్తంతో కలిపినప్పుడు 5 శాతం మించి ఎర్రకణాలు పగలరాదు. ఈ పరీక్షలన్నీ క్రిమిరహితం చేసిన తుది సరుకుపైననే జరగాలి. వేడి, వికిరణం జెల్ వలను తెంపగలవు. కొత్త ముక్కలు పుట్టించగలవు.

తరువాతిది చర్మ పరీక్ష. మిరప కోతకు వెళ్ళిన కూలీకి తొలినాడే చేతులు మండుతాయి, అది రేపుడు. ఒక పదార్థం తొలిసారి ఊరకుండి, మరల తాకినప్పుడు దద్దురు లేపితే అది అలర్జీ. రెండింటికీ వేర్వేరు పరీక్షలు కావాలి. ఒక్క దినపు పరీక్షతో రెండవది బయటపడదు.

ఆపై జంతు పరీక్షలు. హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ, ఐ.ఐ.టి., సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు మానవ కార్నియా పదార్థంతో చేసిన హైడ్రోజెల్ నుండి ముద్రించిన కార్నియాను 2022లో తొలుత కుందేలు కంటిలోనే అమర్చారు. అది క్రిమినాశకం కాకున్నను క్రమం ఇదే.

2018 జనవరి 1 నుండి అమలులో ఉన్న వైద్య పరికరాల నిబంధనలు, అపాయాన్ని బట్టి పరికరాలను నాలుగు తరగతులు చేశాయి. చర్మంపై ఒక దినముండే కట్టుకు, దేహంలో సంవత్సరాలుండే జెల్‌కు ఒకే పరీక్షలు చాలవు. విపణిలోకి వచ్చిన పరికరాల వల్ల కలిగే కీడును నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2015లో మొదలైంది. కట్టు కింద చర్మం నల్లబడినా, పుండు పెరిగినా వైద్యుడు గాని, నర్సు గాని ఆ సంగతిని దానికి తెలుపవచ్చు.