మునిమనుమని కెమెరా, ముత్తవ్వ వంట

వార్ధక్యము రాగానే స్త్రీ యొక మూల కూర్చుండి రామనామము చేసికొనవలెనే కాని, క్రొత్త వింతల జోలికి పోరాదని మనలో పలువురి తలంపు. ఈ తలంపెంత పొరపాటో గుంటూరు జిల్లాలో తెనాలి ప్రాంతమందలి గుడివాడ గ్రామవాసిని మస్తానమ్మ లోకమునకు చూపినది.

ఆమెకు 22వ యేటనే వైధవ్యము ప్రాప్తించెను. కూలినాలి చేసి సంసారము నీడ్చెను. నూరేండ్లు దాటినవని చెప్పుకొన్న ఆ వృద్ధురాలు 2016లో, మునిమనుమడు లక్ష్మణ్ చిత్రము తీయుచుండగా, ఆరుబయట కట్టెలపొయ్యి ముందు వంటకు గూర్చుండెను. ఆ చిత్రములు ‘కంట్రీ ఫుడ్స్’ అను పేర యూట్యూబున వెలువడెను. ఆమె గోళ్లతోనే అల్లము పొట్టు తీయుటయు, పుచ్చకాయ డొప్పలో కోడికూర వండుటయు దేశదేశములవారు చూచిరి. 2018 డిసెంబరులో ఆమె కాలధర్మము నొందునాటికి 12 లక్షలకు పైగా చందాదారులు చేరియుండిరి.

ఇందు గమనింపవలసిన దొకటి గలదు. యంత్రము నడపినది పిల్లలు. ఆమె తెచ్చినది తానెరిగిన వంటయు, జంకెరుగని గుండెయు మాత్రమే.

మా హఫీజ్‌పేటలో బిడ్డలు కొలువులకు పోగా ఒంటరిగా ప్రొద్దు పుచ్చు అవ్వలను మేము పెక్కుమందిని చూచుచున్నాము. “నీకెందుకు నాయనమ్మా యీ ఫోను?” అని వారి చేతినుండి లాగికొనుట తగునా? బ్యాంకు పంపు ఓటీపీ నెవరికిని చెప్పరాదని ముందుగా హెచ్చరించి, పదిమారు లడిగినను విసుగక నేర్పుదము. వారి నోటనున్న పాటయు, చేతనున్న వంటయు వారితోనే పోకుండ నిలుచుటకు ఇదియొక త్రోవ.