సిలబసు శబ్దవ్యుత్పత్తి విచారము

పాఠశాలలయందు నిత్యము వినఁబడు సిలబసను పదము లాటినుభాషనుండి వచ్చినదని నిఘంటువులు చెప్పుచున్నవి. కాని శిష్టలాటినున నీపదమే లేదు. దీనికి మూలము ధాతువు గాదు, లేఖకప్రమాదము.

క్రీ. పూ. 56వ సంవత్సరమున రోమకవక్త సిసిరో, ఆంటియమను పట్టణమునందలి తన గ్రంథములను టిరానియో యను గ్రీకుపండితునిచే సరిచేయించుచు, మిత్రుఁడగు ఆటికసున కొక లేఖ వ్రాసెను. చుట్టల నతుకనేర్చిన పనివారి నిద్దఱిఁ బంపుమనియు, నామపత్రికలకు వలయు పలుచని తోలును వారు తెచ్చునట్లు చేయుమనియు నందుఁ గోరెను. ఆకాలపుఁ బుస్తకములు పపైరసు చుట్టలు. గూటిలోని చుట్ట యే గ్రంథమో విప్పకయే తెలియుటకై పేరు వ్రాసిన తోలుముక్క దాని కొసను వ్రేలాడుచుండెడిది. దానిని గ్రీకులు 'సిట్టిబ' యందురని సిసిరో యాలేఖలోనే తెల్పెను. అచ్చటి ప్రయోగము 'సిట్టిబాస్' అను ద్వితీయాబహువచనము.

ఈలేఖలను పెత్రార్కు 1345లో వెరోనానగరమునఁ గనుఁగొనెను. గ్రీకుపదము పరిచితము గాని లేఖకులు జంటతకారమును జంటలకారముగాఁ జదివిరి. లాటినులిపిలో నీరెండక్షరములును నిలువుగీఁతలే. ప, వలకు భేదము తెలియని తాళపత్రప్రతులతోఁ బెనఁగిన మన పరిష్కర్తల కిది వింతగాదు. 15వ శతాబ్దపు ముద్రణములలో 'సిల్లబోస్' అనురూపము నిలిచెను. అదియు ద్వితీయాబహువచనమువలెనే యుండుటచేఁ బండితులు ప్రథమైకవచనమును 'సిల్లబుస్' అని సాధించిరి. పిమ్మట వ్యుత్పత్తియు దొరకెను. గ్రీకున 'సిన్' అనఁగా సమ్, 'లంబానో' అనఁగా గ్రహించుట. రెండును గూడిన సంగ్రహము! అర్థ మింత చక్కఁగాఁ గుదిరినప్పుడు సంశయ మెవ్వరికిఁ గలుగును? 1656 నాఁటికే యీపదము విషయసూచిక యను నర్థమున నాంగ్లమునఁ జేరెను. 1864లో తొమ్మిదవ పయసు పోపు ప్రకటించిన యెనుబది దోషముల పట్టికయు నీపేరనే ప్రసిద్ధము.

సంస్కృతమునను నిట్టిది గలదు. విధవాశబ్దమును 'వి' యుపసర్గముగా విడఁదీయఁగా మిగిలిన 'ధవ' శబ్దము భర్తృవాచకమై యమరకోశమున కెక్కినది. లాటినునందలి 'విదువా' మొదలగు సోదరపదములతోఁ బోల్చినచో విధవాశబ్దమే ప్రాచీనమనియు, నందుపసర్గము లేదనియు భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. అంతమాత్రమున ధవశబ్ద మసాధువు గాదు. కవులు ప్రయోగించిరి, కోశకారులు గ్రహించిరి. సిలబసు నట్లే. వ్యుత్పత్తి కుదిరినదని చరిత్రయు నదియే యనరాదు. చరిత్ర వేఱని ప్రయోగమును ద్రోయనురాదు.

ఇఁక బహువచనమును 'సిలబై' యనియే పలుకవలెనని పట్టుపట్టువారు గలరు. మూలపదము స్త్రీలింగము, దాని లాటినుబహువచనము 'సిట్టిబై'. తెలుఁగున సిలబసులనినఁ జాలును.